తడి బ్రేకు

నాలుగు దినాలకొకసారి కొళాయి వచ్చే వీధి మాది.
బండికి రెండే బొక్కెన్లు.
మూడోది అడిగితే అమ్మ
అంట్లగిన్నెల వైపు చూస్తాది, మాట్లాడదు.

తాడిపత్రి పాలిష్ మిల్లు నుంచి
వారమంతా మోసుకొచ్చిన తెల్లపిండి
ట్యాంకు మీద, మడ్గార్డు కింద, నాయన కనుబొమల్లో.
నల్లబండి అని ఆర్సీలో రాసుండాది కాబట్టి
నమ్మాల.

"సల్లారనీ మే" అంటాడు.
సైలెన్సరు మీద రెండు చుక్కలు చిలకరిస్తాడు.
చుయ్యిమంటే ఇంకో బీడీ సేపు,
అదీ వీధికి అవతల,
పెట్రోలు వాసన తగలనంత దూరంలో.

సైలెన్సరు నోటికి పాలకవరు, రబ్బరుబ్యాండు.
తాళం బొక్కకు టేపుముక్క.
పైపుతో కొట్టేది లేదు, చెంబుతోనే.
దుమ్ము నానకముందే పేలిక పెడితే
మనం కోసిన రాయే మన రంగు గీకుతాదంటాడు.

నాయన ఎడమచేతి ఉంగరం వేలికి
ఒక కణుపు తక్కువ.
చిన్నప్పుడు అడిగితే మిల్లు తినిందనేవాడు.
ఇంకోసారి, మీ అమ్మకు అప్పిచ్చినా అనేవాడు.
రెండూ నమ్మినా.

ఇంటర్ పరీక్షలైపోయిన ఆదివారం
నేనే కడుగుతానని మొండికేసినా.
నడిమి స్టాండెక్కించి,
పని బిన్నా అవుతాదని
ఇంజను ఆన్ చేసి, గేరేసి,
పరిగెత్తే చైనుకు
కిరసనాయిలు పేలిక ఆనించబోయినా.

అరిచుంటే బాగుండు.
చక్రం ఆగినాక చూస్తే
తాళంచెవి ఆయన పిడికిట్లో.
ఇంకో చెయ్యి, ఎడమది,
తడి సీటు మీద పరిచి పెట్టినాడు,
నాలుగు వేళ్ళూ ఒక మొండీ.
"మిల్లు కాదు మే.
ఇట్లాంటి ఆదివారమే."

అంతే.
పేలిక మళ్ళా నా చేతికే ఇచ్చి,
గేరు తీసి,
చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పినాడు
నిమ్మళంగా, విసుర్రాయి మాదిరి.
ఒక్కో లింకూ నా వేళ్ళ ముందర నిలబడి
తన మురికి తాను అప్పగించి పోయింది.
బ్రేకు డ్రమ్ము కాడికి మాత్రం
నూనెచెయ్యి రానీలేదు.

పెన్నలో లేని నీళ్ళు
మా గడప ముందర రెండు గజాలు పారి
తెల్లగా ఇంకిపోయినాయి.

"వీధి చివరిదాకా పోయి రా.
పోతా పోతా నొక్కు.
తడి బ్రేకు మాటిస్తాది, నిలబెట్టుకోదు."

నొక్కినా. మొదటిసారి జారింది.
రెండోసారి సగం.
హుసేనప్ప అంగడి కాడ గట్టిగా పట్టుకునింది.
తిరిగి చూస్తే నాయన వాకిట్లోనే ఉండాడు,
పేలిక పిండతా,
ఆ నీళ్ళు కరేపాకు చెట్టు మీద పడకుండా
పక్కకు జరుగుతా.