ఒక గులకరాయి ఎక్కువ

సీసా మీద పేరుండదు, నంబరే.
నాలుగువందల పదిహేడు.
మూత తీస్తే చెస్ట్‌నట్ పూల చేదు,
వెనకాలే పొగ వాసన.
ఆ పొగ ఎవరిదో నాకు తెలుసు.
ల్యుబ్ల్యానాలో మా నేలమాళిగ గదికి
పొగమంచు కూడా మెట్లు దిగి రాదు,
అదొక్కటీ ఎలా వచ్చిందో వచ్చింది.

కొత్తగా చేరిన టింకారా అడిగింది మొన్న:
"కంటికి కనపడనివాటిని ఎలా గుర్తుపడతారు?"
మంటలో చిటికెడు ఉప్పు చల్లి చూపించాను.
నీలిమంట పసుపైంది.
సోడియం. ఎక్కడ కాల్చినా ఇదే పసుపు,
సముద్రంలోదైనా
మా అమ్మ పులియబెట్టే క్యాబేజీలోదైనా.
ఆపైన ప్రోటాన్లు లెక్కపెట్టు.
ఆరుంటే కార్బన్. ఏడుంటే ఇంకెవరో.
బేరమాడటానికి లేదు.

చిక్కంతా ఆ తర్వాతే.
ఆ ఆరుగురి ఇంటివాళ్ళలోనే
కొందరి జేబులో ఒక గులకరాయి ఎక్కువ.
ఏ ఆవేశమూ లేని రాయి.
న్యూట్రాన్ అంటాం.
మంటకు తేడా తెలియదు, నాలుకకు తెలియదు,
తేనెటీగకు అసలే తెలియదు.
అదే పేరు, అదే పట్టికలో అదే గడి.

కాబట్టి పరిగెత్తిస్తాం.
తేనెను కాల్చి, వాయువు చేసి,
ఒక్కో అణువు నుంచి ఒక ఎలక్ట్రాన్ లాగేసి
అయస్కాంతం కాపలా కాసే మలుపు వైపు తరుముతాం.
తేలికవాళ్ళు ఇట్టే తిరిగేస్తారు.
రాయి ఉన్నవాడు కొంచెం బయటికి జారి తిరుగుతాడు,
మంచు వాలులో స్లెడ్జి మీద బొద్దు పిల్లాడిలా.
చివర్న గిన్నెలు కాచుకుని ఉంటాయి,
ఎందులో ఎంతమంది పడ్డారో అదే లెక్క.
అంతే అమ్మాయ్, అన్నాను. మిగతాది ఓపిక.

పూలమొక్కలకు బరువైన కార్బన్ అంటే గిట్టదు,
వీలైనంత గుమ్మంలోనే ఆపేస్తాయి.
చెరకుకు అంత పట్టింపు లేదు.
మా కొలతలో పూలతేనె
మైనస్ ఇరవై ఐదు దగ్గర కూర్చోవాలి.
తెర మీద మైనస్ ఇరవై ఒకటి.
మళ్ళీ నడిపాను. ఇరవై ఒకటి.
కాఫీ తాగొచ్చి మూడోసారి నడిపాను,
కాఫీ వల్ల ఏమైనా మారుతుందేమోనని.

శనివారం బస్సెక్కి కరవాంకె కొండల కిందికి వెళ్ళాను.
వెళ్ళకూడదు. వెళ్ళాను.
ఓజ్‌బాల్ట్ తేనెపెట్టెల పలకలకు మళ్ళీ రంగులేస్తున్నాడు.
వేటగాడి పాడె మోసే ఎలుగుబంటికి
ఒక చెవి మిగిలింది.
నేనేమీ అడగలేదు.
కుంచె కడుక్కుంటూ తనే అన్నాడు:
"మేలో మంచు, జూన్ సగం దాకా వాన.
పెట్టె ఎత్తి చూస్తే ఖాళీ గంపలా లేచింది.
పస్తు పెట్టలేక చక్కెర నీళ్ళు పోశాను.
ఎప్పుడూ దుంప చక్కెరే కొంటాను,
ఆ వారం కొట్లో అయిపోయింది.
చెరకుది ఉందన్నారు.
ఏదైతేనేం, తీపి తీపే కదా."
వాన తగ్గాక చెస్ట్‌నట్ పూసింది.
ఈగలు పాతదాని మీదే కొత్తది పోసుకున్నాయి,
వాటికి వేరు వేరు గిన్నెలు లేవు.

దుంపది అయితే నా యంత్రం
కళ్ళు మూసుకుని పచ్చజెండా ఊపేది.
అది కూడా గుమ్మంలో ఆపే రకమే.
ఈ మాట ఆయనకు చెప్పలేదు.
చెబితే పాఠమవుతుంది,
వచ్చే ఏడు ఇంకెవరికో ఉపాయమవుతుంది.
రొట్టె మీద తేనె రాసిచ్చాడు, తిన్నాను.
నా నాలుక ఇరవై ఏళ్ళ అనుభవంతో
బాగుంది అంది.

సోమవారం ఫారంలో రెండే గడులు,
స్వచ్ఛం, కల్తీ.
వాన అని రాయడానికి చోటు లేదు.
టింకారా భుజం మీద నుంచి చూస్తోంది.
రెండో గడిలో టిక్కు పెట్టాను,
పక్కన అంకె కూడా, దశాంశాలతో సహా.

సాయంత్రం కోటు వేసుకుని మెట్లెక్కుతుంటే
కుడిజేబులో ఆయనిచ్చిన చిన్న సీసా.
మలుపు దగ్గర
కొంచెం బయటికి తూలి
తిరిగాను.