పట్టు

పుట్టిన రెండో రోజు
కొండాపూర్ సర్కారు దవాఖానల
అర్షియా మేడం నా బిడ్డను రెండు చేతుల మీద పండవెట్టి
తలకాయను బెత్తెడు కూడా కాదు,
రెండు వేళ్లంత కిందికి జారవిడిచింది.

నా పానం జారి చెప్పుల్ల పడ్డది.

ఎడమచెయ్యి భళ్లున విప్పుకున్నది.
అయిదు వేళ్లు గాలిల దేన్నో దేవులాడి
మల్ల మెల్లగ ఛాతి మీదికి వచ్చినయ్.
కుడిచెయ్యి మాత్రం
పిండి పక్కకు వెట్టిన తువ్వాల లెక్క ఉన్నది.

"పడుతున్నమనిపిస్తే పిల్లలు ఇట్ల చేతులు చాపుతరు.
ఎవ్వరు నేర్పరు, వస్తూ వస్తూ తెచ్చుకుంటరు.
కాన్పుల భుజం ఇరికింది కదా, నరం సాగింది."

పడుడు గురించి నాకు చెప్పాల్నా?
గచ్చిబౌలిల అద్దాలు తుడుస్త.
ముప్పై రెండో అంతస్తు మీద గౌస్ భాయ్ ముడేస్తే
ఆ ముడిని నమ్మి
ఒక్క చెక్క మీద కూసొని దిగుత.
లోపల కంప్యూటర్ల ముంగట ఉన్నోళ్లు నన్ను చూడరు,
చూస్తే కండ్లు తిరిగేది వాళ్లకే.
పనిల చేరిన తొలి వారం
నిద్రల రెండు చేతులు ఎగిరి
స్రవంతి మొఖానికి తాకినయ్.

మేడం నా వేలు పట్టుకపోయి
ఆ కుడి అరచేతిల వెట్టింది.
ముడుచుకున్నది!
గోర్లు చూస్తే నువ్వుగింజలంత,
పట్టు చూస్తే నా నడుముకున్న కొక్కెమంత.
"చూసినవా, పట్టున్నది. లేపే బలమే లేదు.
గుంజకు. తొందరవడకు."

తొడిగితే కుడిచెయ్యి ముందు,
విప్పితే కుడిచెయ్యి ఆఖరు.
బోరబండల మా ఒక్క అర్రల
బియ్యం డబ్బా మీద రాసుకున్నం.
నలభై మంది పిల్లలకు నీళ్లు పోసిన మా అత్త
నలభై ఒకటో బిడ్డ దగ్గర
చేతులు వణుక్కుంట మల్ల నేర్చుకున్నది.

నెల నిండకముందే, నిలవెట్టి పట్టుకుంటే
చాప మీద టకటక అడుగులేసింది.
"అప్పుడే అరిసెలా?" అని అత్త నవ్వింది.
రెండు నెలలకు ఆ నడక మర్చిపోయింది.
మర్చిపోవాల్నట. మేడం చెప్పింది.

కుక్కర్ కూతకు, గల్లీల బుల్లెట్ బండికి,
బోనాల డప్పుకు
ఉలిక్కిపడేది ఎడమచెయ్యి.
చప్పుడైతే అందరు బిడ్డను ఎత్తుకుంటరు,
నేను కుడిచెయ్యిని చూస్త.
ఒక రాత్రి స్రవంతి నిద్రవోయినంక
స్టీలు పళ్లెం కావాలనే కింద పడేసిన.
కదిలిందా?
మోచెయ్యా, ఫ్యాను గాలికి అంగీనా?
బిడ్డ ఏడ్చింది. నేను పళ్లెం కడిగి పెట్టిన,
కడిగే పళ్లెమే కానట్టు.

నాలుగో నెలల ఆ ఉలికిపాటే పోయింది.
కుడిచెయ్యి ఒక్కసారన్నా భయపడకుండనే
భయం వయసు దాటిపోయింది.
సంబురపడాల్నో, ఏడ్వాల్నో తెల్వలే.
రోజూ పదిసార్లు, పదిసార్లు
మేడం చూపించినట్టు మోచెయ్యి పట్టి
చెవి దాక, మల్ల కిందికి.

మొన్న పొద్దుగాల
షూ లేసులు కట్టుకుంట
నా పసుపు హెల్మెట్ బిడ్డకు ఎడమ దిక్కు వెట్టిన.
చూసింది. కాళ్లు లేపింది. మూలిగింది.
ఆ కుడిచెయ్యి,
తువ్వాల లెక్కుండే ఆ చెయ్యి,
ఛాతి దాటి, పొట్ట దాటి, పక్కకొచ్చి
దాని వెనకాలే ఒళ్లంత దొర్లుకుంట వచ్చింది.

బోర్ల!

ఎడమచెయ్యి పొట్ట కింద ఇరికింది.
తియ్యబోయి ఆగిన.
బయటున్నది కుడిచెయ్యి,
హెల్మెట్ పట్టీ దాని గుప్పిట్ల.

అత్త మాట్లాడకుండ లేచి
బొబ్బట్లకు సెనగపప్పు నానవోసింది.
స్రవంతి గోడకు తిరిగి కండ్లు తుడుచుకున్నది.

గౌస్ భాయ్ ఫోన్:
"ఎక్కడున్నవ్‌రా, తాడు కట్టి అరగంటైంది."

వస్తున్న భాయ్,
హెల్మెట్ ఇస్తలేరు.