ఎముకకు రెండో వైపు

తలుపు తట్టినవాడు కుర్రవాడు.
గడ్డం ఇంకా ఒత్తుగా రాలేదు గానీ
వేళ్ళ సందుల్లో మసి ఇంకిపోయింది.
"మీ ఇంట్లో రాసిపెట్టినవి ఏమైనా ఉన్నాయా, అమ్మా?
ఖర్జూరపు మట్ట గానీ, పలకరాయి గానీ,
ఓ తోలుముక్క గానీ..."

ఉంది.
గోడకు, జల్లెడ పక్కన, మేకుకు వేలాడుతూ
కహ్లా జబ్బ ఎముక.

కహ్లా మా ఒంటె.
పుట్టుకతోనే కాటుక పెట్టుకున్నట్టుండే కళ్ళని ఆ పేరు.
ఈనిన రాత్రి దాని తడి ఒళ్ళు తుడిచింది నా ముసుగుతోనే.
ఊరి పక్కన కందకం తవ్విన ఏడు,
కడుపులకు రాళ్ళు కట్టుకున్న ఏడు,
దాన్ని కోశాం.
పదకొండు ఇళ్ళు తిన్నాయి.
నేను తినలేదు.
ఎముక మాత్రం అడిగి తెచ్చుకున్నాను.

బూడిదతో తోమి, ఎండబెట్టి,
నున్నటి రాతితో మూడు రోజులు రుద్ది
ఖిదాష్‌కి ఇచ్చాను.
నా పొయ్యి మసిలోనే తుమ్మబంక కలిపి
రెల్లుపుల్ల కొన చెక్కి
ఒక్కో గీతా గీస్తూ పెదవులు కదిపేవాడు.
చుక్కల్లేని అక్షరాలు.
"ఇది చదవడానికి కాదే ఉనైసా,
మరిచిపోతే భుజం తట్టడానికి" అనేవాడు.
నాకు రాత రాదు.
యవలు విసురుతూ విన్నదే నా చదువు.
తిరగలి ఆగితే ఆయనా ఆగేవాడు.

యమామా నుంచి తిరిగొచ్చినవాళ్ళు
ఎందరు పోయారో లెక్క చెప్పలేదు,
పేర్లు చెప్పుకుంటూ పోయారు.
నాలుగో పేరు దగ్గర నేను వినడం మానేశాను.
"కంఠాలు పోయాయి" అన్నాడో ముసలాయన.
మనుషులు అనలేదు.
కంఠాలు.
అందుకే ఇప్పుడీ బుజైర్
సంచీ భుజాన వేసుకుని గడప గడపా తిరుగుతున్నాడు.

ఎముకని వెలుగులోకి పట్టి చదివాడు.
ఒకచోట తడబడ్డాడు.
ఆ చిన్న పంటిగీత 'బా'యో 'తా'యో 'నూనో'
వాడికి తేలలేదు.
తిరగలి పిడి పట్టుకున్నట్టు గాలిలో చెయ్యి తిప్పుతూ
మొదటినుంచీ అందుకున్నాను.
అక్కడికొచ్చేసరికి నోరు దానంతటదే పలికింది.
"ఇంకో సాక్షి కావాలమ్మా" అన్నాడు తలవంచుకుని.
గోడ అవతలినుంచి
చూపులేని హుదైలా అదే మాట పలికింది.
ఇన్నేళ్ళూ ఆమె వింటోందని
నాకు తెలియనే తెలియదు.

తోలుమీదికి ఎక్కించుకున్నాడు.
ఎముక తిరగేశాడు, చూశాడు, పక్కన పెట్టాడు.
"అటువైపు?"
"అది పద్దు, అమ్మా."
"చదువు."
"అందులో ఏముంది..."
"చదువు నాయనా. అదీ ఆయన చేతిరాతే."

"షమ్మాఖ్‌కి బాకీ.
యవలు, మూడు కుంచాలు.
మేకు, ఒకటి."

షమ్మాఖ్ కొట్టు మూతపడి ఎన్నేళ్ళో.
అతని పండుగలు వేరు, మా పండుగలు వేరు,
కుంచం మాత్రం ఒకటే.
ఓ తెల్లవారుజామున ఉత్తరానికి, తైమా వైపు పోయాడన్నారు.
ఎందుకని నేను అడగలేదు.
అడగాల్సింది.

బుజైర్ ఎముక నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు.
ఒకవైపు ఇక అందరిదీ.
ఇంకోవైపు నా ఒక్కదానిది.

మర్నాడు యవలు కొలిచాను.
మూడు కుంచాలు, నిండుగా, తల కొట్టకుండా.
బిడారువాడు నవ్వాడు:
"పేరొక్కటి చెబితే ఎవరికని ఇవ్వను?"
"ఎడమ చెవి సగం ఉండదు. దగ్గుతూ బేరమాడతాడు.
లేకపోతే కొడుక్కి. కొడుకూ లేకపోతే
ఆ వీధిలో ఆకలిగా ఉన్నవాళ్ళకి,
షమ్మాఖ్ పేరు చెప్పి."

మూట కట్టబోతుంటే ఆగమన్నాను.
మేకు ఇంకా మా గోడలోనే ఉంది మరి.
దానికని
ఇంకో దోసెడు పోశాను.