మోకాలెత్తు

ఉలాన్‌బాతర్‌లో ఈ నెలల్లో
కిటికీ అద్దం లోపలివైపు కూడా గడ్డకడుతుంది.
మూడో అంతస్తు, కాలిన పిల్లల వార్డు.
రాత్రి పన్నెండు నుంచి ఆరు దాకా నేల తుడవడం నా పని.
నేల తుడిచేవాళ్లకి
మనుషులు ముందు పాదాలుగానే పరిచయం.

ఏడో మంచం కింద
ఒక కాలికి ఉన్ని బూటు, రెండోది ఉత్త కాలు.
గుట్ట మీది గెర్ లోంచి
అలాగే పరిగెత్తుకొచ్చింది నందిన్‌చెచెగ్.
నాలుగు రోజులైంది.
ఆ రెండో బూటు ఎవరూ తేలేదు, ఆమె అడగలేదు.
మంచం మీద అనూజిన్, ఏడాదిన్నర.
మెడ నుంచి మోచేతి దాకా తెల్లటి గుడ్డ.

ఎలా జరిగిందని నేనడగలేదు.
అడిగేవాళ్లు పగలంతా వస్తారు, రాసుకుంటారు, పోతారు.
తనే చెప్పింది, గోడతో చెప్పినట్టు:
"తలుపు సరిగ్గా పడలేదు, చలిగాలి వస్తోంది,
మూసొద్దామని తిరిగాను. అంతే.
టీలో ఉప్పు కూడా వెయ్యలేదింకా."

అంతే.
ప్రతి మంచం దగ్గరా వినే మాటే.
రెప్పపాటు అంటాం గాని
రెప్ప వాల్చని తల్లి ఎక్కడుంటుంది?
ఉన్ని గుడారం, గుండ్రంగా, గదుల్లేవు, మూలల్లేవు,
పొయ్యి నడిమధ్యన, కరెంటు గిన్నె నేల మీద,
తిండి, నిద్ర, ఆట అన్నీ ఆ చుట్టులోనే.
కొత్తగా నడక వచ్చిన పిల్ల
పట్టుకోడానికి ఏదో ఒక అంచు వెతుక్కుంటుంది.
గిన్నె అంచు మోకాలెత్తు.
మన మోకాలికి.

తండ్రిని రాత్రి పైకి రానివ్వరు, తోడు ఒక్కరే.
తుమర్‌హుయాగ్ కింద కారులో పడుకుంటాడు.
మైనస్ ముప్పై. రెండు గంటలకోసారి ఇంజను తిప్పాలి,
లేదంటే కారూ మనిషీ కలిసే బిగుసుకుపోతారు.
చెత్త పారబోయడానికి దిగినప్పుడు
ఫ్లాస్కుతో టీ ఇచ్చాను.
మూత తీశాడు, ఆవిరి చూశాడు, మూత పెట్టేశాడు.
నా బుద్ధి తగలెయ్య,
ఇంకేమీ దొరకలేదా నాకు!
మర్నాడు మాంసం కూరిన రొట్టె తీసుకెళ్లాను.
చల్లారిపోయింది. తిన్నాడు.

నా కొడుకు బొగ్గు లారీ నడుపుతాడు, ముప్పై ఒకటి నిండాయి.
ఎడం భుజం చర్మం ఇప్పటికీ ముడతలు పడ్డ కాగితమే.
ఆ రోజు వాడికి గుర్తులేదు, "ఏమైందిలే అమ్మా" అంటాడు,
టీ మాత్రం చల్లారాకే తాగుతాడు.
నందిన్‌చెచెగ్‌కి ఇది చెబుదామనుకున్నాను.
చెబితే ఓదార్పులా ఉంటుంది,
దానికింకా వేళ కాలేదు.
మాపు గోడకి ఆనించి
ఆ ఉత్త కాలు ఒళ్లోకి తీసుకుని
నా మేజోడు తొడిగాను.
అప్పుడేడ్చింది, నాలుగు రోజులకి మొదటిసారి,
పిల్ల లేవకుండా, గుడ్డ నోట్లో కుక్కుకుని.

తొమ్మిదో రాత్రి కారు మీద చెక్కలున్నాయి.
ఎక్కడ సంపాదించాడో, పాత తలుపు చెక్కలు, నారింజ రంగువి.
"అక్కా, దాని ఎత్తెంతో కాస్త చూసి చెబుతావా?
చెయ్యి పైకెత్తితే ఎంత?"

నిద్రలో ఉంది.
కట్టుగుడ్డ చుట్ట లోంచి ఒక పీలిక చింపి
మడమ దగ్గర మొదలుపెట్టాను.
బాగున్న చేతిని మెల్లగా పైకి చాపింది వాళ్లమ్మ,
వేలికొసన ముడి వేశాను.
చిన్నదే, నా నడుం దాటలేదు.
అయినా కిందికి దిగుతుంటే, మూడు అంతస్తులూ
ఆ పీలిక బరువుగానే ఉంది.

దాన్ని చెక్కకి పెట్టి
ముడికి నాలుగు వేళ్లు పైన గీత గీశాడు.
రంపం ఎత్తాడు. ఆగాడు.
"పెరుగుతుంది కదా," అన్నాడు,
ఎవరో కాదన్నట్టు.
గీత చెరిపి జానెడు పైన మళ్లీ గీశాడు.

ఇప్పుడు పార్కింగులో రంపప్పొట్టు, మంచు మీద.
పక్క కారు తండ్రి ఒకడు అడిగాడు, వాడి వెనక ఇంకొకడు.
కట్టుగుడ్డ లెక్క తేలడం లేదని
పెద్ద నర్సు నిన్న నా వైపు చూసింది.
నేల తుడుస్తూ ఉన్నాను.