రెండో కత్తెర

తాడిపత్రిలో ఓబుళేశు సెలూన్ షట్టరు
ఆరున్నరకే సగం లేస్తుంది.
మొదటి గిరాకీ మనిషి కాదు.
గడప పక్కన పెయింటు డబ్బాల్లో
వరుసకట్టి నిలబడిన
పదకొండు బంతిచెట్లు.

రాత్రంతా నాపరాళ్ళ మిల్లులు
వాటి తలలకు పౌడరేసి పోయుంటాయి.
జుట్టు తడిపే సీసాతోనే
బుస్సు బుస్సుమని నాలుగు పిచికార్లు కొట్టి
మేకుకు వేలాడే పాత కత్తెర తీస్తాడు.
ఎందరు పెళ్ళికొడుకుల క్రాపులు దిద్దిందో అది.
ఇప్పుడు పదును తగ్గింది.
చెయ్యి కూడా, కొంచెం.

చెవి వెనక సన్నగా గీత పడిందని
బ్యాంకు క్యాషియరు
ఎదురుగా ఏసీ షాపుకు మారిపోయాడు.
ఆయన వెనకే ఇద్దరు కొడుకులూ.
ఓబుళేశు ఏమీ అనలేదు.
ఆ వారమే
పెయింటర్ మాబును అడిగి
మొదటి డబ్బా తెచ్చి పెట్టుకున్నాడు.

వాడిన పువ్వు మెడ కింద,
ఆకుల జత పైన,
కరుక్.

రాలేదాకా ఉండనీయొచ్చు గదా, పాపం
అన్నాను ఒకసారి.

"పాపమేముంది సారూ.
గింజ పట్టిందంటే చెట్టు
నా పని అయిపాయ అని
కాళ్ళు చాపుకుంటాది.
అయిపోనీయకూడదు దాన్ని.
ఇంగా ఉంది, ఇంగా పుయ్యాల అని
మతికి తెస్తాండాల."

పది గంటలకు చీపురు పడుతుంది.
నల్ల వెంట్రుకలు, నెరిసిన వెంట్రుకలు,
మధ్యలో ఎండిన నారింజ రేకులు
ఒకే చేటలోకి.

నా వంతు.
అద్దంలో బంతిచెట్లు ఎడమ నుంచి కుడికి మారి
నా నెత్తి మీదే పూసినట్టున్నాయి.
పైన కొంచెం తియ్యప్పా అంటే
నవ్వుతాడు:
"ఈడ మాత్రం ఎంత కోసినా
కొత్తవి రావు సారూ."
చెవి దగ్గరికొచ్చినప్పుడు
ఇద్దరం ఊపిరి బిగబడతాం.
ఆ సంగతి ఇద్దరం ఎత్తం.

శివరాత్రి దగ్గరపడింది.
దసరాకు మొదలైన పూత
ఇంకా మొగ్గలేస్తూనే ఉంది.
చివరి డబ్బాలో మాత్రం ఒక పువ్వు
పూర్తిగా ఎండి, గోధుమరంగు తిరిగి,
తల వాల్చేసింది.
మరిచిపోయాడేమోనని చెయ్యి పెట్టబోయాను.

"దాన్ని ముట్టాకు సారూ.
అది వచ్చే ఏటికి.
మాబు కూతురు కూడా అడిగింది
గుప్పెడు గింజలు."

కత్తెర ఆ కొమ్మ చుట్టూ తిరిగింది,
వణుకుతూనే,
అటు ఒకటి, ఇటు రెండు తెంచి,
ఆ ఎండు పువ్వుకు
గాలైనా తగలనీయకుండా.