పూల వీపులు

ఇక్కడ వసంతం ఆగస్టులో వస్తుంది,
అదీ వానలు మాట నిలబెట్టుకున్న ఏడే.
గేరీస్ దాటి కంకర రోడ్డెక్కగానే
హెస్టర్ వదిన కిటికీ అద్దం దించి
"ఇవాళ మూడు చోట్లే ఆపుతాను, లెక్క పెట్టుకో" అంది.
మొదటిది గాలిమర దగ్గరే ఖర్చయిపోయింది.

నేను బడి వంటశాలలో గరిటె తిప్పే మనిషిని.
ఈ కెమెరా, పోయినేడు పూలు చూడ్డానికొచ్చినవాళ్ళెవరో
బెంచీ మీద మరిచిపోయింది.
ఏడాదంతా బియ్యం డబ్బా పక్కన పెట్టి చూశాను,
అడుగుతూ ఎవరూ రాలేదు.

రోడ్డంచున బోర్లా పడుకున్నాను.
మోచేతుల్లో కంకర అచ్చులు,
ముక్కు దగ్గర గొర్రె పెంటికలు.
లారీ ఒకటి పోతే, దుమ్ము అణిగేదాకా
కళ్ళు మూసుకుని అరవై లెక్కపెట్టాను.
తెరిస్తే
అన్నీ వీపులే.

నారింజ రంగు పూలు, వేలకు వేలు,
ఒక్కటీ ఇటు తిరగలేదు.
మా దేశంలో మధ్యాహ్నపు సూర్యుడిది ఉత్తరపు దిక్కు,
మేం పోయేదీ ఉత్తరానికే.
ఆలస్యంగా వెళ్ళిన పెళ్ళిలో
వెనక బల్ల మీద కూచున్నట్టుంది:
అందరి పిడకలూ కనిపిస్తాయి,
పెళ్ళికూతురు తప్ప.
"తిరిగొచ్చేప్పుడు తీద్దువులే, ముఖాలుంటాయి"
వదిన చెప్పు నేలకేసి టపటపా కొడుతూ అంది.

రెండో మలుపులో ఇజాక్ క్లూటీ
గ్రేడర్ ఆపి కాఫీ తాగుతున్నాడు.
బ్లేడుకి పూలు వేళ్ళతో సహా వేలాడుతున్నాయి.
"కాస్త పైకెత్తి పోనివ్వకూడదా?" అన్నాను.
"నేను గీరిన చోటే గదా ఇవి మొలిచేది" అన్నాడు.
"కదపని నేల వీటికి చోటివ్వదు.
అదిగో, ఆ వాలు చూడు, నిప్పంటుకున్నట్టు లేదూ?
మా తాత గోధుమేసిన చేను.
మూడేళ్ళు వరసగా ఎండింది, వదిలేసి గనికి పోయాడు.
ఇంత దట్టంగా పూసిందంటే
అక్కడెవరో ఓడిపోయారని."

డీజిలు ధర చెప్పినట్టు చెప్పాడు,
కప్పు అడుగున మిగిలింది పూల మీదే విదిలించి
ఇంజను మళ్ళీ లేపాడు.

ఆ చేను ఫొటో తియ్యకూడదనుకున్నాను.
తీశాను. అంత బాగుంది మరి.
తీసింతర్వాత చాలాసేపు
వదినతో ఏమీ మాట్లాడలేదు.

మూడో చోటు మేం ఆపింది కాదు,
టైరు ఆపింది.
జాకీ తుప్పు పట్టి కదల్లేదు,
దారిన పోయే గొర్రెల కాపరి రాయి తెచ్చి
రెండు పోట్లు పొడిస్తేగానీ.
బండి దక్షిణానికి తిప్పేసరికి నాలుగు.
ఎండ పల్చబడింది,
పూలు ఒక్కొక్కటే రేకులు దగ్గరికి లాక్కుని
కొట్టు కట్టేసినట్టు కట్టేశాయి.
ముఖాలున్న వైపుకి వచ్చాం.
ముఖాలు లేవు.

చీకటి పడుతుంటే చిన్న తెర మీద చూసుకున్నాం.
రేకుల అడుగున సన్నని ఊదా చార ఒకటుంది,
ఇన్నేళ్ళు ఇక్కడే పుట్టి పెరిగి నేను చూడనిది.
కాడ మీద నూగు. నూగులో ఇరుక్కున్న చీమ.
ఓ మూల, మసగ్గా, వదిన చెప్పు.

"రేపు ఉత్తరం నుంచి బయల్దేరదాం" అంది తను.
"రాత్రి పడుకోడానికి ఉత్తరాన మనకెవరున్నారు?"
వదిన కాసేపు ఆలోచించి
బండి తాళం తిప్పింది.
మూడోసారికి అంటుకుంది.