నాలుగో కోట తర్వాత

వూచ్ నగరంలో నవంబరు. నాలుగింటికే చీకటి.
ఇగ్నాత్సీ సోఫా మీదికి విసిరాడు
తాడూ బొంగరమూ లేని కంట్రోలర్‌ని.
"అమ్మా, నీ చిన్నప్పటి ఆట దొరికింది.
డౌన్‌లోడ్ కూడా అయిపోయింది."
అప్పుడేనా!
నేనింకా టీ పొడి వెయ్యనే లేదు.

నలభై కిలోబైట్లట.
వాడు ఫోన్లో తీసిన పిల్లి ఫొటోలో
పిల్లి మీసమంత కూడా ఉండదట అది.

నేతమిల్లులు ఒక్కొక్కటే
తాళాలు వేసుకుంటున్న ఏడాది,
సంతలో మడతబల్ల మీద
ఉప్పునీళ్ళ దోసకాయల సీసాల పక్కన
నాన్న బేరమాడి కొన్న పసుప్పచ్చ క్యాసెట్టు.
అట్ట మీద ఒక బొమ్మ, లోపల ఇంకో ఆట.
అసలుదో నకిలీదో ఎవడికి కావాలి?
ఊదితే పలికేది.
మరీ మొండికేస్తే చొక్కా అంచుతో తుడిస్తే పలికేది.

మూడు మూరల వైరు.
అందుకే టీవీకి ముక్కు ఆనించినట్టు
నేనూ, మూడో అంతస్తు రదెక్కూ,
కార్పెట్ మీద మోకాలికి మోకాలు తగులుతూ.
బొమ్మ ఎగరాల్సినప్పుడల్లా
చేతులెత్తి వాడూ ఎగిరేవాడు.
వైరు లాగేసి, ఆటపెట్టె స్టూలు మీంచి దభీమని.
మళ్ళీ మొదట్నుంచి.
దాచుకోవడమంటే ఆ రోజుల్లో
బ్యాంకు పుస్తకంలోనే.

నాలుగో కోట.
వంతెన దాటి తలుపు తోస్తే
తెర గళ్ళుగళ్ళై, ఊదారంగు ముద్దై,
కీమని ఒకటే కూత.
ప్రతిసారీ.
నా చేతకానితనమే అనుకున్నాను ముప్పై ఏళ్ళు.

రదెక్ మాత్రం దాటానన్నాడు.
జ్వరమని బడి మానేసి
క్యాసెట్టు అరువు తీసుకున్న రోజున.
తలుపవతల సముద్రమట.
అలల మీద నడవొచ్చట, బూట్లు తడవవట.
దూరంగా లైట్‌హౌస్,
దాని కిటికీలోంచి ఎవరో చెయ్యూపుతారట.
మెట్ల మీద పిల్లలమంతా నోళ్ళు తెరిచి విన్నాం.
అబద్ధమాడినా అతికినట్టుండాలి అంటారు.
వాడిది అతుకు కాదు, నేత.

ఇగ్నాత్సీ ఎక్కడో చదివి తల గోక్కున్నాడు.
"అమ్మా, మీ సంత క్యాసెట్టు సగం కాపీ.
నాలుగో కోట తర్వాత అందులో ఏమీ ఎక్కించలేదు.
ఎవరూ దాటలేరు."
టీ చల్లారింది.
ఎవరూ దాటలేరు.
అన్నేళ్ళూ నేను తోసింది
తలుపు బొమ్మ వేసిన గోడని.

రదెక్‌కి ఫోన్ చేశాను.
ట్రామ్ డ్యూటీ దిగి యూనిఫాం కోటుతోనే వచ్చాడు,
బట్టతల మీద మంచు పొడి.
నేనేమీ చెప్పలేదు. కంట్రోలర్ చేతికిచ్చాను.
వైరు కోసం కాసేపు తడుముకున్నాడు.
అంత సోఫా ఖాళీగా ఉండగా
టీవీ ముందు నేల మీదే కూలబడ్డాడు.
నేనూ.
మోకాళ్ళు ఈసారి తగల్లేదు, మూలిగాయి.

మొదటి గోతిలోనే పడ్డాం.
నొక్కాక ఒక రెప్పపాటు ఆలోచించి
అప్పుడు ఎగురుతోంది బొమ్మ.
"ముసలిదైపోయింది పాపం," అన్నాడు రదెక్.
"అదేనా?" అన్నాను.
చావుని వెనక్కి తిప్పే బటన్ ఉందని
ఇగ్నాత్సీ చూపించబోతే
వద్దన్నాం ఇద్దరం ఒకే గొంతుతో.
ఆరో చావు తర్వాత
"ఎక్కడుందన్నావు ఆ బటన్?" అన్నాడు రదెక్.

నాలుగో కోట. వంతెన. తలుపు.
తెరుచుకుంది.
అవతల
ఐదో కోట.
అవే ఇటుకలు, రంగు మార్చారు. అంతే.

రదెక్ చెవులు ఎర్రబడ్డాయి.
ఎగరడానికని ఎత్తిన చేతులు
అలాగే గాల్లో ఉంచేశాడు.
ఏదీ కింద పడలేదు, లాగడానికి వైరు లేదుగా.
"సముద్రం..." అన్నాడు.
"కుడివైపేమో," అన్నాను.
"కుడివైపే," ఊపిరి పీల్చుకున్నాడు,
"కొన్ని మెట్లు దిగాలి."

ఇగ్నాత్సీ తెరనీ మమ్మల్నీ
మార్చి మార్చి చూశాడు.
అక్కడ మెట్లు లేవు.
మేం దిగుతున్నాం,
బూట్లతోనే.